జెనీవా దారిలో కొల్లేటికోట

కొల్లేరు ఎంత పెద్దది? ఏలూరులో అటవీ శాఖ వాళ్లని అడిగితే 308 చదరపు కిలోమీటర్లు అంటారు. నేల ఎత్తుని చూపే ఐదో కాంటూరు గీత లోపలి నేలంతా అభయారణ్యం, అది వాళ్ల లెక్క. 2008లో శాసనసభ చేసిన తీర్మానం ప్రకారం మూడో కాంటూరుకి కుదిస్తే 135 మిగులుతుంది. స్విట్జర్లాండ్‌లో గ్లాండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఒక కార్యాలయంలో ఉన్న కాగితం మీద మాత్రం కొల్లేరు 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. అది పదో కాంటూరు దాకా వెళ్లే లెక్క.

ఈ మూడింటిలో మొదటి రెండూ సరస్సులోని ఊరు కొల్లేటికోటలో చిన్నపిల్లాడికైనా తెలుసు. ఏ గీత ఎక్కడ పడితే ఎవరి చెరువు లోపలికి పోతుందో, ఎవరిది గట్టెక్కుతుందో నోటిలెక్కగా చెబుతారు. కాంటూరు అక్కడ సర్వేయర్ల మాట కాదు, వంటింట్లో కూడా వినబడే మాట. మూడో లెక్క సంగతి వేరు. అది ఎవరు రాశారో, ఎందుకు రాశారో, దాని బలం ఎంతో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. చదివే మన పిల్లల్లో కూడా ఎక్కువమందికి తెలియదు. అంతర్జాతీయ సంస్థలు అనే పేపరు రాసి పాసైపోతారు. ఐక్యరాజ్యసమితి అంగాలు ఆరు, భద్రతా మండలి సభ్యులు పదిహేను, వీటో ఉన్నవాళ్లు ఐదుగురు. పరీక్షకి అంత చాలు.

యూరప్‌లో, అమెరికాలో రాజనీతి, అంతర్జాతీయ సంబంధాలు చదివే పీజీ విద్యార్థులకి అధ్యయన యాత్ర చాలాచోట్ల చదువులో భాగం. జెనీవా, బ్రస్సెల్స్, హేగ్, న్యూయార్క్ తీసుకెళ్తారు. అక్కడ చదువుతున్న తెలుగు పిల్లలు ఈ యాత్రలకి వెళ్తూనే ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల నుంచి అలా వెళ్లడం అరుదు. ప్రభుత్వమే పూనుకుని పంపిన ఉదాహరణ ఒకటి ఈమధ్యే జరిగింది, కాకపోతే వాళ్లు పీజీ పిల్లలు కాదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పదిమంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి, అటునుంచి వాషింగ్టన్‌కి వెళ్లొచ్చారు. పదిమందిలో ఎక్కువమంది ఆడపిల్లలు. అప్పట్లో పత్రికల నిండా వాళ్ల ఫొటోలే. రాజకీయంగా ఎవరు ఏ పేరు పెట్టినా, కూలినాలి చేసుకునే ఇళ్ల పిల్లలు ఆ గుమ్మం తొక్కడం చిన్న విషయం కాదు.

అయితే జెండాల వరస ముందు ఫొటో దిగి రావడానికీ, అక్కడ మన కాగితం ఎక్కడుందో వెతికి చదివి రావడానికీ తేడా ఉంది. కొల్లేటి లంకల నుంచి ఒక ఎం.ఏ. విద్యార్థిని అలాంటి యాత్రకి వెళ్తే ఏం చూడాలి? ఈ వారం కథనం ఆమె కోసం.

ముందు వెళ్లినవాళ్లు

తెలుగువాళ్లకి జెనీవా కొత్త కాదు. 1927లో అక్కడ అంతర్జాతీయ కార్మిక సదస్సు జరిగినప్పుడు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లింది వి.వి. గిరి. రైల్వే కార్మికుల్ని కూడగట్టిన మనిషి, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. అప్పటికి ఏడాది కిందటే అంతర్జాతీయ కార్మిక సంస్థ సరస్సు ఒడ్డున సొంత భవనంలోకి మారింది. ఇప్పుడు ఆ భవనంలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది. కార్మికుల కోసం కట్టిన మేడలోకి వర్తకం వచ్చి చేరింది.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. అదే ఏడాది నానాజాతి సమితి తన మేధో సహకార సంఘంలోకి ఆయన్ని తీసుకుంది. అప్పటికి మేడం క్యూరీ ఆ సంఘంలో సభ్యురాలు. వాల్తేరు కొండమీద విశ్వవిద్యాలయాన్ని నిలబెడుతూ, మధ్యలో ఓడెక్కి జెనీవా సమావేశాలకి వెళ్లొచ్చే వైస్ ఛాన్సలర్‌ని ఇవాళ ఊహించుకోవడం కష్టమే. ఆయనకి ముందూ వెనకా అదే కుర్చీలో కూర్చున్నది కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జి యూనియన్‌కి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన ఆ పెద్దమనిషి పేరే ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాలది. ఆ గేటులోంచి రోజూ వెళ్లే పిల్లల్లో ఆ రెండక్షరాల వెనక ఎవరున్నారో ఎందరికి తెలుసో!

వీళ్లందరికంటే కొల్లేటి పిల్లలకి దగ్గరవాడు పాటిబండ్ల చంద్రశేఖరరావు. పాత కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టారు. కేంద్రంలో న్యాయశాఖ కార్యదర్శిగా చేశారు. 1996లో జర్మనీలోని హాంబర్గ్‌లో అంతర్జాతీయ సముద్ర చట్ట న్యాయస్థానం మొదలైనప్పుడు మొదటి న్యాయమూర్తుల్లో ఒకరయ్యారు, 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షుడిగా ఉన్నారు, 2017 దాకా ఆ పీఠం మీదే కొనసాగారు. దేశాలు దేశాల మీద వేసుకునే వ్యాజ్యాల్లో తీర్పు చెప్పిన మన జిల్లా మనిషి. ఆయన 2018లో పోయినప్పుడు మన పత్రికల్లో వచ్చింది కొద్ది వాక్యాలే.

నెమళ్లు తిరిగే తోటలో

జెనీవాలో పాలే దె నాసియోఁ అనే భవనం నానాజాతి సమితి కోసం కట్టింది. 1929లో మొదలై 1938లో పూర్తయింది. పూర్తయ్యేసరికి లోపల సంస్థకి ఊపిరి లేదు, ఆ మరుసటేడు యుద్ధం వచ్చింది. ఇప్పుడది ఐక్యరాజ్యసమితి జెనీవా కార్యాలయం. చుట్టూ ఉన్న అరియానా తోటని ఊరికి రాసిచ్చిన దాత, అందులో నెమళ్లు స్వేచ్ఛగా తిరగాలని షరతు పెట్టాడని చెబుతారు. ఇప్పటికీ తిరుగుతున్నాయి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని చూసి పెరిగిన పిల్లకి, ప్రపంచ రాజకీయాల నడివీధిలో పక్షులకి ఒక పాత దస్తావేజు రక్షణగా నిలవడం కొత్తగా అనిపించదు. ఆ దస్తావేజుని ఇన్నేళ్లు పాటించడమే కొత్తగా అనిపించవచ్చు.

బయట కూడలిలో పన్నెండు మీటర్ల ఎత్తు చెక్క కుర్చీ ఉంటుంది, ఒక కాలు విరిగి. మందుపాతరలకి వ్యతిరేకంగా 1997లో నిలబెట్టారు. అందరూ అక్కడ ఫొటో దిగుతారు, దిగనివ్వండి. లోపలికి వెళ్లాలంటే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, ముందుగా నమోదు చేసుకోవాలి. మామూలు సందర్శనలో గంటసేపు హాళ్లు చూపిస్తారు. విద్యార్థి బృందాలు ముందే రాసుకుంటే అక్కడి ఉద్యోగులు వచ్చి మాట్లాడతారు కూడా.

అసలు చూడాల్సింది మానవ హక్కుల మండలి కూర్చునే హాలు. పైకప్పు మీద రంగురంగుల చుక్కలు వేలాడుతున్నట్టు చేసిన స్పెయిన్ చిత్రకారుడి పని చూసి అందరూ మెడలు ఎత్తుతారు. మెడ దించి వెనక వరసలు చూడాలి. అక్కడ కూర్చునేది స్వచ్ఛంద సంస్థల వాళ్లు. ఆర్థిక సామాజిక మండలి దగ్గర సంప్రదింపు హోదా ఉన్న సంస్థ అయితే ఒకటి రెండు నిమిషాలు మైకు దొరుకుతుంది. ఆ కాస్త సమయం కోసం దూరదేశాల నుంచి ఆదివాసులు, జాలర్లు, గని కార్మికులు రాసుకున్న కాగితం పట్టుకుని వస్తారు. గడియారం ఆగగానే మైకు ఆగిపోతుంది. అంతర్జాతీయ రాజకీయం పాఠ్యపుస్తకంలో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది.

ఆ హంగు చూసి అంతా సవ్యంగా ఉందనుకోకూడదు. సభ్యదేశాలు చందాలు సరిగ్గా కట్టక ఐక్యరాజ్యసమితికి డబ్బు కటకట. 2023 చివర్లో కరెంటు, వేడి ఖర్చు తగ్గించుకోవడానికి ఈ భవనాన్నే మూడు వారాలకి పైగా మూసేశారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్లు వినే మండలి 2019 డిసెంబరు నుంచి పని చేయడం లేదు, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంది. ఇదే మండలి 1998లో రొయ్యల కేసులో తీర్పు చెప్పింది. వలలో తాబేళ్లు తప్పించుకునే పరికరం లేకపోతే మీ రొయ్యలు కొనం అని అమెరికా అంటే భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయ్‌లాండ్ కలిసి వేసిన కేసు అది. ఉద్దేశం మంచిదే, అమలు చేసిన తీరులో వివక్ష ఉందని తేల్చారు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద రొయ్యల కౌంటు ధరలు పడ్డాయి. ఆ గొడవని అంత దాకా తీసుకెళ్దామన్నా చివరి మెట్టు మీద కూర్చునేవాళ్లు లేరు.

రెండో తరగతి టికెట్టు, గ్లాండ్ దాకా

జెనీవా నుంచి లోజాన్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే నియాన్ దాటాక గ్లాండ్ వస్తుంది. అరగంట ప్రయాణం కూడా ఉండదు. యాత్రల జాబితాల్లో ఈ ఊరు సాధారణంగా ఉండదు. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే ఐయూసీఎన్ ప్రధాన కార్యాలయం ఇక్కడుంది. అదే భవనంలో రామ్‌సర్ ఒప్పందం సచివాలయం. సొంత మేడ లేదు, జెండాల వరస లేదు, ఐక్యరాజ్యసమితి సంస్థ కూడా కాదు. గూడబాతులకి నీళ్లు ఎక్కడుండాలో ఒప్పుకున్న దేశాల పద్దు చూసే చిన్న ఆఫీసు.

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఉన్న రామ్‌సర్ పట్నంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. 1975 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. భారత్ 1982లో చేరింది. కొల్లేరు పేరు ఎక్కింది 2002లో. ఇవాళ ఎం.ఏ. చదివే అమ్మాయి పుట్టిన ఏడాదికి కాస్త అటూ ఇటూగా. దేశంలో ఇప్పుడు రామ్‌సర్ జాబితాలో ఉన్న చిత్తడి నేలలు తొంభై దాటాయి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేసుకోవాలి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు వచ్చి, మందుగుండు పెట్టి చెరువు గట్లు పేల్చినప్పుడు, 'ఎక్కడో విదేశీ ఒప్పందం వచ్చి మా కొంప ముంచింది' అన్నవాళ్లున్నారు. నిజానికి గట్లు పగలగొట్టించింది 1999లో వెలువడిన అభయారణ్యం ఉత్తర్వు, దాని వెనక ఉన్న 1972 నాటి వన్యప్రాణి చట్టం, ఆ పైన సుప్రీంకోర్టు. రామ్‌సర్ ఒప్పందానికి పోలీసు లేడు, జరిమానా లేదు. గ్లాండ్ నుంచి ఎవరూ వచ్చి గట్టు తవ్వలేరు.

మరి దానికి ఉన్నదేమిటి? కాగితం. ఆ కాగితంలో మూడు వాక్యాలు కొల్లేటి విద్యార్థి చదవాలి. ఒకటి, చిత్తడి నేల స్వభావం మారినా, మారబోతున్నా ఆ దేశమే సచివాలయానికి తెలియజేయాలి. రెండు, జాబితాలో పెట్టిన నేల హద్దు కుదించాలంటే అత్యవసర జాతీయ ప్రయోజనం అని కారణం చూపాలి. మూడు, అలా కుదిస్తే పోయినదానికి బదులు వీలైనంతవరకు మరోచోట చిత్తడి నేల కాపాడాలి. ఐదో కాంటూరు నుంచి మూడుకి దించుతామని మన నాయకులు ఎన్నికల ముందు హామీ ఇచ్చినప్పుడల్లా ఈ వాక్యాలు ఎవరూ ప్రస్తావించరు. అభయారణ్యం గీత వేరు, రామ్‌సర్ గీత వేరు. ఒకటి జరిపితే రెండోది దానంతటది జరగదు. ఇంత చిన్న విషయం మీద కూడా వేదికల మీద గంటలకొద్దీ మాట్లాడినవాళ్లు స్పష్టత ఇవ్వలేదు.

ఈ ఒప్పందం కింద మరో చిట్టా ఉంది, మాంట్రో చిట్టా. అదీ జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఊరి పేరే. స్వభావం చెడిపోతున్న చిత్తడి నేలల పేర్లు అందులో రాస్తారు. మనకి పొరుగున ఉన్న చిల్కా 1993లో దానికెక్కింది. మేటలు వేసి, ఉప్పునీళ్లు తగ్గి, చేపలు పడిపోయాయి. 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వారు, చేపలు తిరిగొచ్చాయి. 2002లో చిట్టా నుంచి పేరు కొట్టేశారు, పైగా రామ్‌సర్ అవార్డు ఇచ్చారు. అదే 2002లో కొల్లేరు జాబితాలోకి వచ్చింది. ఒడిశా వాళ్లు ఆ చిట్టాలో పేరుండటాన్ని అవమానం అనుకుని ఊరుకోలేదు, పని చేయించుకోవడానికి వాడుకున్నారు. కొల్లేరు ఆ చిట్టాలో లేదు. గుర్రపుడెక్క, మేట, బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు, చెరువుల గట్లు చూసినవాళ్లకి లేకపోవడమే వింత.

ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే మింగుడుపడనిది. 1999 మే నెలలో కోస్టారికాలో రామ్‌సర్ సభ్యదేశాల సదస్సు జరిగింది. చిత్తడి నేలల నిర్వహణలో స్థానికుల భాగస్వామ్యం ఎలా ఉండాలో మార్గదర్శకాలు అక్కడ ఆమోదించారు. ఆ ఏడాదే కొన్ని నెలలకి మన దగ్గర అభయారణ్యం ఉత్తర్వు వచ్చింది. తాటిదోనె మీద మావులు వేసుకుని కొర్రమీను, మట్టగిడస పట్టుకునే వడ్డి కులస్తులతో ఆ ఉత్తర్వుకి ముందు ఎవరు, ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడారు? సంప్రదాయ వేటకి అడ్డులేదని రాశారు, నిజమే. 1970లలో సొసైటీల పేరున వాళ్లకి చెరువులు తవ్వించి ఇచ్చింది కూడా ప్రభుత్వమే. ఆ చెరువులు లీజుల మీద పెద్దవాళ్ల చేతికి పోయాయి, శీలావతి, బొచ్చె చేపలు లారీలెక్కి కలకత్తా, అస్సాం వెళ్లాయి, గట్లు తెగినప్పుడు మాత్రం పేరు సొసైటీది. ఇదంతా గ్లాండ్‌లో ఉన్న కాగితంలో ఎలా రాశారో, అసలు రాశారో లేదో చూడాలి. ప్రతి చిత్తడి నేలకీ ఒక వివర పత్రం ఉంటుంది, ఆరేళ్లకోసారి కొత్త వివరాలు పంపాలన్నది నియమం. దేశం పంపాలి. ఆ పత్రాలు ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. రైలెక్కకముందే చదివి, తేదీ ఎప్పటిదో చూసుకుని వెళ్తే, అక్కడి అధికారిని అడగాల్సిన ప్రశ్న దానంతటదే తయారవుతుంది.

కిటికీలోంచి కనిపించే సరస్సు కూడా ఒక పాఠమే. లెమాన్ అంటారు దాన్ని, లోతు 310 మీటర్లు. కొల్లేరు చాలాచోట్ల నిలువెత్తు మనిషి లోతు కూడా ఉండదు. కానీ తగువు ఒకటే. నీళ్లు బయటికి పోయే మొగ జెనీవా చేతిలో ఉంది, ఎగువ ఒడ్డు వో ప్రాంతానిది. జెనీవావాళ్లు నీటిమట్టం పెంచి మా పొలాలు ముంచుతున్నారని వోవాళ్లు 19వ శతాబ్దంలో కేసు వేశారు. ఏళ్లు నడిచి 1884లో ఒప్పందం కుదిరింది, ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా ఉంచాలో రాసుకున్నారు. తర్వాత కాలుష్యం వచ్చింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కలిసి 1963 నుంచి ఒక కమిషన్ నడుపుతున్నాయి. బట్టల సబ్బుపొడిలో ఫాస్ఫేట్లని స్విట్జర్లాండ్ 1986లో నిషేధించింది. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు ఎక్కడ కట్టాలి, ఎంత మట్టం ఉంచాలి అని మన దగ్గర దశాబ్దాలుగా నలుగుతున్న మాటని ఈ ఒడ్డు మీద నిలబడి ఆలోచిస్తే, మనకి లోటు ఇంజినీర్లది కాదని తెలుస్తుంది.

హేగ్, బ్రస్సెల్స్ గురించి రెండు ముక్కలు

హేగ్‌లో శాంతి సౌధం అందంగా ఉంటుంది, అందులో అంతర్జాతీయ న్యాయస్థానం, పదిహేనుమంది జడ్జీలుంటారు. రాజనీతి విద్యార్థి చూడాలి, సందేహం లేదు. కొల్లేటి పిల్లకి మాత్రం అక్కడ పని తక్కువ. బ్రస్సెల్స్‌లో ఎక్కువ. భారత్ నుంచి వెళ్లే చెరువు రొయ్యల సరుకులో సగం లాట్లని యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించాలని 2016లో నిర్ణయించింది ఐరోపా కమిషన్. అంతకుముందు పదిలో ఒకటి చూసేవాళ్లు. ఆ నిర్ణయం ఏ కమిటీలో, ఎవరి నివేదిక మీద, ఎవరి ఓటుతో జరిగిందో అక్కడ తెలుసుకోవచ్చు. మందుల షాపులో మాత్రలు కొని మేతలో కలిపే పద్ధతి మీద ఆకివీడులో ఎన్ని సమావేశాలు పెట్టినా రాని మార్పు, ఆ ఒక్క అంకెతో కొంత వచ్చింది.

డబ్బులెవరిస్తారు

ఇది అసలు ప్రశ్న. షెంగెన్ వీసా రుసుమే పెద్దవాళ్లకి 90 యూరోలు. జెనీవాలో కాఫీ తాగాలన్నా రూపాయల్లోకి మార్చుకుంటే గొంతు దిగదు. తాడేపల్లిగూడెంలోనో, రాజమహేంద్రవరంలోనో, విశాఖలోనో ఎం.ఏ. చదివే పిల్లలకి సొంత డబ్బుతో అయ్యే పని కాదు. జెనీవా ఐక్యరాజ్యసమితి కార్యాలయం పీజీ విద్యార్థుల కోసం 1960ల నుంచి వేసవిలో ఒక అధ్యయన కార్యక్రమం నడుపుతూ వచ్చింది. ప్రపంచమంతటి నుంచి దరఖాస్తులు వస్తాయి. రుసుము లేదు, కానీ దారిఖర్చు, బస ఎవరిది వాళ్లే చూసుకోవాలి. అంటే చివరికి తడి ఉన్న చోటికే తడి. ప్రభుత్వం పదిమంది బడిపిల్లల్ని న్యూయార్క్ పంపగలిగినప్పుడు, ఏడాదికి నలుగురు పీజీ విద్యార్థుల్ని ఒక ప్రశ్న చేతికిచ్చి పంపడం దాని తాహతుకి మించింది కాదు. ఫొటోలు తక్కువ వస్తాయి, అంతే.

వెళ్లేముందు ఒక పడవ ప్రయాణం

వెళ్లేముందు వాళ్లని కొల్లేటికోటలో వారం ఉంచాలి. లంక మీది ఊరు, పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణంలో జాతర. ఊళ్లో ఒక పాత కథ చెబుతారు. ఇక్కడ గజపతుల కోట ఉండేదట. నీళ్లు అడ్డుగా ఉండి కోట దొరక్కపోతే, సరస్సుని సముద్రంలోకి ఎండగట్టడానికి శత్రువులు కాలువ తవ్వించారట, అదే ఉప్పుటేరట. కోటలోని సేనాపతి అమ్మవారి అనుగ్రహం కోసం సొంత కూతుర్నే బలిచ్చాడట. కథ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, కొల్లేట్లో నీటిమట్టం అనేది రాజకీయం అని పుస్తకాలకంటే ముందే ఈ ఊరికి తెలుసు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. తెలుగు పుస్తకం చదివి, ఇంగ్లీషు ప్రతి ఒకటి సంచిలో వేసుకెళ్లి గ్లాండ్‌లో ఇచ్చి రావచ్చు.

ఆ వారంలో సరస్సు గర్భంలో ఉన్న 46 బెడ్ గ్రామాల్లో కొన్నిటికైనా తిరిగి, 2006లో ఎవరి గట్టు ఎక్కడ తెగింది, పరిహారం ఎవరికి అందింది, 2024 సెప్టెంబరు బుడమేరు వరద నీళ్లు ఎన్ని రోజులున్నాయి, ఏ చేప మళ్లీ కనబడుతోంది, ఏది కనబడటం లేదు అని రాసుకోవాలి. కిక్కిస కోసేవాణ్ని, చెరువు రైతుని, పక్షుల కేంద్రం కాపలాదారుని, పరస్పరం పడని ఈ ముగ్గుర్నీ అడగాలి. ఒక్కరినే అడిగితే ఒకే కొల్లేరు దొరుకుతుంది.

రామ్‌సర్ సచివాలయం నిపుణుల బృందాన్ని ఒక చిత్తడి నేల చూడటానికి పంపే పద్ధతి కూడా ఉంది, సభ్యదేశం కోరితేనే. కొల్లేరుకి అలా కోరమని కేంద్రానికి రాయాల్సింది రాష్ట్రం. రాష్ట్రానికి రాయాల్సింది పంచాయతీలు. ఆ ఉత్తరం ముసాయిదా రాయడం ఎం.ఏ. రెండో ఏడాది ప్రాజెక్టుగా ఇవ్వచ్చు, మార్కులూ వేయొచ్చు. వాళ్లు నిజంగా వస్తామంటే తేదీలు మాత్రం జాతర తప్పించి ఇవ్వాలి, ఆ రోజుల్లో కైకలూరులో గదులు దొరకవు.